పుర్రె లోపల పడిన గండి

మన పల్లెల్లో ఎవరికైనా తలకు దెబ్బ తగిలితే ముందుగా చూసేది రక్తం. నెత్తురు ధారగా కారితే ఊరంతా గుమిగూడుతుంది. ఆటో కట్టించి ఆసుపత్రికి పరుగెత్తిస్తారు. రక్తం కనపడకపోతే “ఏం కాలేదులే, అదృష్టవంతుడు” అని మంచినీళ్ళు తాగించి ఇంటికి పంపేస్తారు. వైద్యశాస్త్రం చెప్పేది దాదాపు దీనికి తలకిందులు. నెత్తిమీద చర్మం చీలి కారే రక్తం చూడటానికి భయంకరంగా ఉన్నా చాలావరకు నాలుగు కుట్లతో ఆగిపోతుంది. బయటికి దారిలేక పుర్రె లోపలే చేరే రక్తమే ప్రాణాలు తీస్తుంది. ఆ రక్తం ఎక్కడ చేరుతుంది, ఎందుకు అంత ప్రమాదం, సర్జన్లు దాన్ని ఎలా బయటికి తీస్తారు, ఎప్పుడు కత్తి పట్టకుండా ఊరుకుంటారు అన్న విషయాలు ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

మూత బిగించిన పెట్టె

మొదట ఒక సందేహం. కాలేజీ రక్తదాన శిబిరంలో మనం 350 మిల్లీలీటర్ల రక్తం ఇచ్చి, బిస్కెట్లు తిని, నవ్వుకుంటూ క్లాసుకు వెళ్తాం. అందులో మూడో వంతు రక్తం పుర్రె లోపల కారితే మనిషి ప్రాణం మీదికి వస్తుంది. ఎందుకని?

కాలువకు గండి పడినప్పుడు రైతు “అయ్యో, నీళ్ళు పోయాయే” అని ఏడవడు. “చేను మునిగిందే” అని ఏడుస్తాడు. ఇక్కడా అంతే. పోయిన రక్తం లెక్క కాదు, అది చేరిన చోటు లెక్క. పెద్దవాళ్ళ పుర్రె సాగదు. అందులో సుమారు 1400 మిల్లీలీటర్ల మెదడు, 150 మిల్లీలీటర్ల రక్తం, మరో 150 మిల్లీలీటర్ల మస్తిష్క మేరుద్రవం నిండుగా కూర్చుని ఉంటాయి. ఈ మూడింటిలో ఒకటి పెరిగినా, కొత్తగా నాలుగోది వచ్చినా, మిగిలినవి తగ్గితీరాలి. ఈ సూత్రాన్ని స్కాట్లండుకు చెందిన మన్రో 1783లో, కెల్లీ 1824లో చెప్పారు. నేటికీ మెదడు శస్త్రచికిత్సకు అదే పునాది.

కొత్తగా రక్తం చేరినప్పుడు మొదట మేరుద్రవం వెన్నులోకి జారి కాస్త చోటిస్తుంది. సిరలలోని రక్తం కూడా కొంత బయటికి పోతుంది. అందువల్ల మొదట్లో మనిషి బాగానే కనపడతాడు. ఆ వెసులుబాటు అయిపోయాక ఇంకొక్క చెంచాడు రక్తం చేరినా లోపలి ఒత్తిడి ఒక్కసారిగా పైకి ఎగబాకుతుంది. అప్పుడు మెదడే పక్కకు, కిందకు జరుగుతుంది. కిందకు పోవడానికి ఉన్న దారి ఒక్కటే, వెన్నుపాము దిగే మహారంధ్రం. శ్వాసను, గుండెను నడిపించే కేంద్రాలు సరిగ్గా అక్కడే ఉన్నాయి. అవి నలిగితే ఇక ఏ సర్జనూ చేయగలిగింది లేదు.

ఈ దశలో మోసం చేసే లక్షణం ఒకటుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ బి.పి. పెరుగుతుంది, నాడి మాత్రం నెమ్మదిస్తుంది. హార్వే కుషింగ్ అనే అమెరికన్ సర్జన్ దీన్ని 1900 తర్వాతి తొలి సంవత్సరాల్లో ప్రయోగాలు చేసి వివరించాడు. చేయి పట్టుకుని చూసినవాళ్ళు “నాడి నిదానంగా కొట్టుకుంటోంది, భయం లేదు” అనుకుంటారు. నిజానికి అది ఆఖరి గంట.

లేచి మాట్లాడిన మనిషి

మెదడు చుట్టూ మూడు పొరలుంటాయని ఇంటర్మీడియట్ జువాలజీలో చదువుకున్నాం: వరాశిక, లౌతికళ, మృద్వి. రక్తం ఏ పొర దగ్గర చేరిందన్నదాన్ని బట్టి జబ్బు పేరు, ఆపరేషన్ తీరు మారిపోతాయి.

మొదటిది, ఎముకకూ వరాశికకూ మధ్య చేరే రక్తం. కణత దగ్గర పుర్రె ఎముక మహా పలచన. దాని లోపలి వైపునే ఒక ధమని గాడిలో పారే బోదెలాగా అంటుకుని పోతుంది. కణత ఎముక చిట్లితే ఆ ధమని తెగవచ్చు. ధమని రక్తం గనుక ఒత్తిడితో చిమ్ముతూ, ఎముకను అంటిపెట్టుకున్న వరాశికను ఊడదీసుకుంటూ చోటు చేసుకుంటుంది.

దీని స్వభావం విచిత్రం. పడినవాడు కొన్ని క్షణాలు స్పృహ తప్పుతాడు. తర్వాత లేస్తాడు, మాట్లాడతాడు, “ఏం కాలేదురా, పదండి” అంటాడు. గంటకో, నాలుగు గంటలకో తలనొప్పి, వాంతి, మగతనిద్ర. ఒక కంటిపాప పెద్దదవుతుంది, ఎందుకంటే ఆ పక్క మూడో కపాలనాడి నలుగుతోంది. రెండో పక్క చేయి, కాలు పడిపోతాయి. మధ్యలో తేరుకున్న ఆ కొద్ది గంటలే అతన్ని బతికించుకునే వ్యవధి. మనం ఆ వ్యవధిని “బాగైపోయాడు” అనుకుని పోగొట్టుకుంటాం. ఇది పల్లెటూరివాళ్ళ అజ్ఞానం మాత్రమే కాదు. 2009 మార్చిలో నటాషా రిచర్డ్‌సన్ అనే పేరున్న సినీనటి కెనడాలో మంచుమీద స్కీయింగ్ నేర్చుకుంటూ పడిపోయింది. తనకేమీ కాలేదని చెప్పి, వచ్చిన అంబులెన్సును తిప్పి పంపారు. కొద్ది గంటల్లో తలనొప్పి మొదలైంది. రెండు రోజులకు చనిపోయింది. పరీక్షలో తేలింది సరిగ్గా ఈ రక్తస్రావమే.

మన వైపు ఇది ఎలా వస్తుందో చెప్పనక్కరలేదు. రోడ్డుమీద ఆరబోసిన ధాన్యం మీద జారిన మోటారుసైకిలు, తాటిచెట్టు మీదనుంచి పడిన గీతకార్మికుడు, ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చుని కునికిన కుర్రాడు. హెల్మెట్టు ఉంటుంది, కాని బండి ట్యాంకు మీద ఉంటుంది.

దీనికి చేసే ఆపరేషన్ వింటే మన వడ్రంగి పని గుర్తొస్తుంది. జుట్టు తీసి, చర్మాన్ని అర్ధచంద్రాకారంగా కోసి వెనక్కి మడుస్తారు. ఎముకకు డ్రిల్లుతో మూడు నాలుగు రంధ్రాలు వేస్తారు. పూర్వం ఒక రంధ్రంలోంచి మరో రంధ్రానికి జిగ్లీ రంపం అనే ముళ్ళతీగను దూర్చి, రెండు చేతులా లాగుతూ ఎముక కోసేవాళ్ళు. ఇప్పుడు అతివేగంగా తిరిగే మరరంపంతో నిమిషాల్లో కోస్తారు. ఎముక పలకను మూతలా ఎత్తగానే లోపల ముద్దగా గడ్డకట్టిన నల్లటి రక్తం కనపడుతుంది. దాన్ని పీల్చి, కడిగి, తెగిన ధమనిని విద్యుత్తు వేడితో మూసేసి, ఎముకను తిరిగి అమర్చి చర్మం కుడతారు. చాలామందిలో వరాశికను తెరవవలసిన అవసరమే రాదు, మెదడును తాకనే తాకరు. అందుకే స్పృహ పూర్తిగా పోకముందు బల్ల ఎక్కిన రోగుల్లో దాదాపు అందరూ బతుకుతారు, చాలామంది మామూలు మనుషులవుతారు. రక్తం 30 మిల్లీలీటర్లు దాటితే, రోగి మెలకువగా ఉన్నా సరే తీసివేయాలన్నది అంతర్జాతీయ నియమం.

మెలకువ ఎంత ఉందో కొలవడానికీ ఒక కొలబద్ద ఉంది. గ్లాస్గో నగరానికి చెందిన టీస్‌డేల్, జెనెట్ అనే వైద్యులు 1974లో దీన్ని రూపొందించారు. కళ్ళు తెరవడం, మాట, కదలిక, ఈ మూడింటికీ మార్కులు. మొత్తం 15 వస్తే పూర్తి మెలకువ, 3 అంటే అట్టడుగు. మన పరీక్షలలో సున్నా రావచ్చుగాని ఇందులో రాదు.

గంటల లెక్క

రెండవది వరాశిక కింద చేరే రక్తం. మెదడు నుంచి పొరకు వెళ్ళే సన్నని సిరలు దెబ్బ కుదుపుకు తెగుతాయి. సాధారణంగా మెదడు కూడా నలిగి వాచి ఉంటుంది గనుక ఇది మొదటిదానికంటే చెడ్డది. ఇక్కడ వరాశికను కూడా తెరిచి రక్తం తీయాలి. మెదడు మరీ వాచి ఉంటే ఎముక తిరిగి పెట్టరు, పెడితే మళ్ళీ పెట్టె మూత బిగించినట్టే. ఆ ఎముకను శీతలయంత్రంలో దాస్తారు, లేదా రోగి పొట్ట చర్మం కిందనే పెట్టి కుట్టేస్తారు. వాపు తగ్గాక, కొన్ని వారాలకో నెలలకో తీసి మళ్ళీ తలకు అమరుస్తారు. ఈలోగా మానిటాల్ అనే చక్కెరవంటి పదార్థాన్ని సెలైనులా ఎక్కిస్తారు. అది రక్తంలో గాఢత పెంచి మెదడులోని నీటిని లాగేస్తుంది. బంగాళదుంపతో మనం చేసిన ద్రవాభిసరణ ప్రయోగం ఇక్కడ ఒక ప్రాణం నిలబెడుతోందన్నమాట!

1981లో అమెరికాలో ఇటువంటి 82 మంది రోగుల లెక్క ప్రచురించారు. దెబ్బ తగిలిన నాలుగు గంటల లోపల ఆపరేషన్ అయినవారిలో నూటికి 30 మంది, దాటినవారిలో నూటికి 90 మంది మరణించారు. తర్వాతి పరిశీలనల్లో తేడా ఇంత కొట్టొచ్చినట్టు కనపడకపోయినా, ఆలస్యం విషమన్న మాటను ఎవరూ కాదనలేదు.

వయసు మీద పడటం కాదు

ఇదే చోట చేరే రక్తానికి ఇంకో రూపం ఉంది, నెమ్మదిగా వచ్చేది. వయసు పెరిగేకొద్దీ మెదడు కాస్త కుంచించుకుంటుంది. సిరలు వీణతీగల్లా బిగుసుకుంటాయి. చిన్న దెబ్బకే ఒకటి తెగి, బొట్టుబొట్టుగా కారుతుంది. మద్యం అలవాటున్నవాళ్ళకు, గుండెజబ్బు కోసం రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళకు ఇది మరీ ఎక్కువ.

మా పెదతాతయ్యకు ఇదే వచ్చింది. పశువుల చావిట్లో గడ్డిమోపు దించుతూ దూలానికి తల కొట్టుకున్నాడు. మాడు మీద కాస్త నూనె రాసుకుని మర్చిపోయాడు. మూడు వారాలు గడిచాక ఎడమకాలి చెప్పు జారిపోవడం, అన్నం తిన్న సంగతి మర్చిపోవడం, నీటివంతు ఏ రోజో తెలియకపోవడం మొదలయ్యాయి. “ఎనభై దగ్గర పడ్డాయి, ఇంకేం జ్ఞాపకం ఉంటది” అన్నారు ఇంట్లోవాళ్ళు. చూసిన డాక్టరు గారు మాత్రం ఒకే ప్రశ్న అడిగారు: “ఈమధ్య తలకేమైనా తగిలిందా?” ఎవరికీ గుర్తులేదు, మా నాయనమ్మకు తప్ప. స్కాన్ తీస్తే మెదడు కుడిపక్క నెలవంకలా రక్తం. తలకు రెండు రంధ్రాలు వేసి తీశారు. ట్రాక్టరు ఇంజన్లోంచి తీసిన పాత ఆయిల్ రంగులో ఉందట. మూడో రోజున ఆయన అడిగిన మొదటి మాట, “నారుమడికి నీళ్ళు పెట్టారా?”

పెద్దవాళ్ళకు ఈ ఆపరేషన్ చాలాసార్లు ఆ చోట మాత్రమే మత్తిచ్చి చేస్తారు. మెదడుకు నొప్పి తెలియదు, నొప్పి చర్మానికి, పొరలకే. 2017లో గుంటూరులో ఒక రోగికి మెదడులో కణితి తీస్తున్నంతసేపూ ఆమె మెలకువగా ఉండి ‘బాహుబలి’ సినిమా చూసిన వార్త చాలామందికి గుర్తుండే ఉంటుంది. రంధ్రాలు వేశాక లోపల సన్నని గొట్టం ఒకటి రెండు రోజులు ఉంచాలా, అక్కరలేదా అని సర్జన్లు చాలాకాలం వాదించుకున్నారు. కేంబ్రిడ్జి వైద్యులు 2009లో తేల్చారు: గొట్టం ఉంచితే నూటికి 9 మందికి, ఉంచకపోతే 24 మందికి రక్తం మళ్ళీ చేరింది. కాబట్టి ముసలివాళ్ళు ఉన్నట్టుండి కొద్ది వారాల్లో మారిపోతే, అది వయసు కాకపోవచ్చు. వయసు మూడు వారాల్లో మీద పడదు.

కత్తికి లొంగని గండి

మూడవది దెబ్బతో పనిలేకుండా మెదడు గుజ్జులోనే పగిలే రక్తనాళం. దీనికి పెద్ద కారణం అదుపులేని బి.పి. 1945 ఏప్రిల్ 12న అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్ కుర్చీలో కూర్చుని ఉండగా తలపోటని చెప్పి ఒరిగిపోయాడు. అప్పుడు ఆయన బి.పి. 300/190. ప్రపంచంలోకెల్లా శక్తిమంతుడైన మనిషికి ఆనాడు ఇవ్వడానికి సరైన మాత్ర లేదు. ఈనాడు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇచ్చే మాత్రను మనవాళ్ళు “ఇప్పుడు బాగానే ఉందిగా” అని మానేస్తున్నారు. తలనొప్పి లేదంటే బి.పి. లేదని కాదు, అది చాలాకాలం చప్పుడు చేయదు.

ఇక్కడ సర్జన్ కష్టం వేరు. పగిలేది సాధారణంగా మెదడు నడిమధ్యన, లోతులో. నడి పొలంలో మునిగిన మడికి చేరాలంటే పచ్చని చేనంతా తొక్కుకుంటూ పోవాలి. అలా పోయి రక్తం తీస్తే లాభమా, నష్టమా? 27 దేశాలలో 1033 మంది రోగులమీద జరిపి 2005లో ప్రచురించిన పెద్ద పరిశీలనలో, తొందరగా ఆపరేషన్ చేసినవారిలో 26 శాతం, మందులతో మొదలుపెట్టినవారిలో 24 శాతం మంచిగా కోలుకున్నారు. అంటే చెప్పుకోదగ్గ తేడా లేదు. కనుక “ఆపరేషన్ అక్కరలేదు” అని డాక్టరు అంటే వదిలేశాడని కాదు. చాలామందికి బి.పి. తగ్గించడం, శ్వాస నిలబెట్టడం, కనిపెట్టుకుని ఉండటమే వైద్యం. చిన్నమెదడులో 3 సెంటీమీటర్లకు మించి రక్తం చేరితే మాత్రం సంగతి వేరు. పక్కనే శ్వాసకేంద్రం ఉంది గనుక వెంటనే తీయాలి.

అయితే కథ అక్కడ ఆగలేదు. చేను తొక్కకుండా గట్లమీద నడిచి పోయినట్టు, మెదడు మడతల సందుల్లోంచి సన్నని గొట్టం పంపి రక్తం పీల్చే పద్ధతి వచ్చింది. 2024లో వెలువడిన 300 మంది పరిశీలనలో, 24 గంటల లోపల ఇలా చేస్తే నెలరోజుల్లో మరణాలు 18 శాతం నుంచి 9 శాతానికి తగ్గాయి. లాభం ముఖ్యంగా కనిపించింది మెదడు పైభాగంలో రక్తం చేరినవారికే. లోతు రక్తానికి ఇంకా దారి వెతుకుతున్నారు.

బుడ్డ పగిలితే

నాలుగవది లౌతికళ కింద. పాత సైకిలు ట్యూబుకు బలహీనమైన చోట బుడ్డ లేచినట్టు, మెదడు అడుగున ధమనులు చీలే చోట కొందరికి బుడగ లేస్తుంది. అది పగిలితే పిడుగు పడినట్టు తలనొప్పి. జీవితంలో అంతకుముందు ఎన్నడూ రానంతటిది, ఒక్క క్షణంలో పతాకస్థాయికి చేరేది. మెడ బిగుసుకుంటుంది. బతికినవారికి ఆ బుడగ మళ్ళీ పగిలే ముప్పు మొదటి 24 గంటల్లోనే ఎక్కువ.

ఇక్కడ ఆపరేషన్ కారిన రక్తం తీయడానికి కాదు, బుడగ మెడను మూయడానికి. 1937లో వాల్టర్ డాండీ అనే అమెరికన్ సర్జన్ మొట్టమొదటిసారి దాని మెడకు ఒక వెండి క్లిప్పు పెట్టాడు. బట్టలు ఆరేసేటప్పుడు పెట్టే క్లిప్పు ఊహించుకోండి, అంతకంటే ఎంతో చిన్నది. తర్వాత సూక్ష్మదర్శిని వచ్చి ఆ పని ఎంతో భద్రమైంది. 1990 ప్రాంతంలో గుగ్లీల్మీ అనే ఇటలీ వైద్యుడు తల తెరవనే అక్కరలేని మార్గం చూపాడు. తొడ ధమనిలోంచి సన్నని గొట్టాన్ని మెదడు దాకా నడిపి, బుడగలో ప్లాటినం తీగచుట్టలు నింపుతారు. రక్తం అక్కడే గడ్డకట్టి బుడగ పూడిపోతుంది. 2002లో 2143 మందిపై జరిగిన పోలికలో, ఏడాది తర్వాత చనిపోయినవారు, పరాధీనులైనవారు కలిసి క్లిప్పు పద్ధతిలో 31 శాతం, తీగచుట్ట పద్ధతిలో 24 శాతం. అయినా బుడగ ఆకారాన్ని బట్టి నేటికీ రెండూ వాడుకలో ఉన్నాయి.

మన దాకా వచ్చిన విద్య

పుర్రెకు రంధ్రం వేయడం కొత్త సంగతి కాదు. కాశ్మీరులోని బుర్జహోంలో నవీన శిలాయుగం నాటి రంధ్రాల పుర్రె దొరికింది. కాని ఆధునిక మెదడు శస్త్రచికిత్స మన దేశంలో మొదలైంది 1949లో, వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ జేకబ్ చాండీతో. మరుసటి ఏడు మద్రాసు జనరల్ ఆసుపత్రిలో డాక్టర్ బి. రామమూర్తి ప్రారంభించారు. తెలుగునాట విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రిలో డాక్టర్ బాలపరమేశ్వరరావు 1950లలో ఆ విభాగానికి నాంది పలికారు. ఆనాటి సర్జన్లకు రక్తం ఎక్కడుందో చూపే యంత్రం లేదు. కంటిపాప, చేయికాలు చూసి ఊహించి రంధ్రం వేయవలసిందే. 1971లో ఇంగ్లండులో హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన సి.టి. స్కాన్ ఆ చీకటిని తొలగించింది. దానికి 1979లో నోబెల్ బహుమతి వచ్చింది.

స్కాన్ ఎందుకంత అవసరమంటే, పక్షవాతం రెండు విధాలు: నాళం పూడుకుపోయి వచ్చేది, నాళం పగిలి వచ్చేది. పైకి రెండూ ఒకటే. వైద్యం మాత్రం తూర్పు పడమర. పూడిక కరిగించే ఇంజక్షను పగిలినవాడికి ఇస్తే చంపినట్టే. అందుచేత స్కాన్ లేకుండా ఇంట్లోనో, ఊళ్ళోనో ఇచ్చే ఏ మందూ మందు కాదు, పావురం రక్తం రాయడం సంగతి సరేసరి.

మనం చేయవలసింది

కర్లపాలెం నుంచి తల ఆపరేషన్ చేసే చోటికి పోవాలంటే గుంటూరో, మంగళగిరో, విజయవాడో వెళ్ళాలి. మంచి రోడ్డుమీద కూడా గంటకు పైమాటే. కాబట్టి సగం గడువు మన చేతుల్లోనే, మన గుమ్మంలోనే ఖర్చవుతుంది. దాన్ని ఎలా పొదుపు చేయాలో చెప్పి ముగిస్తాను.

తలకు దెబ్బ తగిలి ఒక్క క్షణం స్పృహ తప్పినా, తర్వాత లేచి మాట్లాడినా, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. వాంతి, పెరిగే తలనొప్పి, మగత, తికమక మాటలు, మూర్ఛ, ఒక కంటిపాప పెద్దదవడం, ఒక పక్క బలహీనత, వీటిలో ఏ ఒక్కటున్నా క్షణం ఆగకూడదు. స్పృహలేనివాడి నోట్లో కాఫీ, సోడా, నీళ్ళు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మూర్ఛ వస్తే చేతిలో తాళాలు పెట్టి ప్రయోజనం లేదు. వాంతి గొంతుకు అడ్డం పడకుండా, మెడ మెలితిరగకుండా ఒక పక్కకు తిప్పి ఉంచాలి. 2005 నుంచి మన రాష్ట్రంలో 108 బండి ఉంది, పిలవాలి. వాడే మాత్రల చీటీ, ముఖ్యంగా రక్తం పలచబడే మాత్రలది, వెంట తీసుకెళ్ళాలి. చేరే ఆసుపత్రిలో స్కాన్ ఉందా, తల సర్జన్ ఉన్నాడా అని ముందే కనుక్కుంటే రెండు ఆసుపత్రులు తిరిగే ఆలస్యం తప్పుతుంది.

చదువుకున్న మనం ఊళ్ళో చేయగల పని ఇది. ఎవరైనా పడి లేచి “ఏం కాలేదు” అన్నప్పుడు, పెద్దలు “తెల్లారాక చూద్దాంలే” అన్నప్పుడు, గట్టిగా అడ్డం పడి బండి ఎక్కించాలి. కాలువకు గండి పడిందని తెలిసిన రాత్రి మన ఊళ్ళో ఎవరూ తెల్లారనీ అని పడుకోరు. పార, గడ్డిమోపు, లాంతరు పట్టుకుని పరుగెత్తుతారు. తల విషయంలోనూ ఆ తొందర ఉంటే చాలు.

— తృతీయ బి.యస్సీ. విద్యార్థి, కర్లపాలెం